చలివేంద్రం గుడ్డ మీద రాత

అనగనగా ఓ సంస్థానంలో గవరయ్య అని ఒకడు, సంతలో కూర్చుని కూలికి ఉత్తరాలూ అర్జీలూ రాసేవాడు. జమీందారు చలివేంద్రం పెట్టి అతన్ని పిలిపించాడు.

"పందిరి గుడ్డ మీద నా దానగుణం రాయరా. కూలెందుకు? నీళ్లకొచ్చిన జనమంతా నువ్వెవరో తెలుసుకుంటారు, చాలదూ?"

గవరయ్యకు ఒళ్లు మండింది. నీళ్ల కుండలు మోసినవాడికి కూలిచ్చారే, రాసేవాడికి మాత్రం కడుపుండదా? అయినా కుంచె పట్టి రాశాడు.

మర్నాడు జమీందారు వచ్చి చూస్తే గుడ్డ నిండా మూరెడేసి అక్షరాలు: "చింతపండు కొట్టు పక్కన గవరయ్య ఉత్తరాలు రాయును." అడుగున చీమలబారులా జమీందారు దానగుణం.

"ఏంట్రా ఇది?"

"తమరు చెప్పిన కూలే దొరా, ముందే తీసుకున్నాను. ఎక్కువనిపిస్తే కుండలవాడికిచ్చినట్టే ఇప్పించండి, వేరే గుడ్డ రాసిస్తాను."

సంతంతా చూస్తుండగా జమీందారు మొలసంచి విప్పాడు. గుడ్డ మారింది గానీ, అప్పటికే చింతపండు కొట్టు పక్కన జనం బారులు తీరారు.