మూరెడు తగ్గిన సముద్రం

రెండు ఖండాల మధ్య ఒక సన్నటి సముద్రం ఉండేది. ఇవతలి ఒడ్డు వాళ్లది తెలుగు, అవతలి ఒడ్డు వాళ్లది ఇంగ్లీషు. మధ్యలో చేపలు ఏ భాషా మాట్లాడేవి కావు గాని రెండు ఒడ్ల కంచాల్లోకీ వెళ్లేవి.

ఇవతలి రాజుకూ అవతలి రాణికీ ఒకేసారి బుద్ధి పుట్టి, వంతెన కట్టాలనుకున్నారు. ఎవరి ఒడ్డు నుంచి వాళ్లు కట్టుకుంటూ వచ్చి మధ్యలో కలపాలని ఒప్పందం. నడుమ చివరగా మిగిలే ఖాళీని కొలతగాళ్లు ముందే లెక్కకట్టి, దానికి సరిపడా ఇనుప దూలాన్ని పోత పోయించి ఒడ్డున పెట్టారు.

రెండు వైపులా మాట అందించడానికి ఒక దుబాసీ ఉండేవాడు. "ఖాళీ మీదుగా దుబాసీ నోరు తప్ప మరో నోరు పలకరాదు, పలికినవాళ్లు వంతెన దిగిపోవాలి" అని రాజాజ్ఞ. నిజం చెప్పాలంటే ఆ ఆజ్ఞ రాసింది దుబాసీయే. రాజు ముద్ర వేశాడంతే. ఖాళీ ఉన్నంత కాలమే తనకు పల్లకీ అని దుబాసీకి బాగా తెలుసు.

ఇవతలి కొసన మోకులు కట్టే ఆవిడ ఒకతె ఉండేది. దూలం దించే రోజున ముందుగా రెండు వైపుల మోకులనూ కలిపి ముడి వేయాలి. ఆ ముడి తన చేత్తో వేయాలని ఆవిడ ఆశ. పుట్టినప్పటి నుంచి అవతలి ఒడ్డును కళ్లతో చూస్తూనే ఉంది, చేత్తో తాకింది లేదు.

అవతలి కొసన ఎర్రగడ్డం మనిషి అదే పని చేసేవాడు. మొదట్లో వాళ్లిద్దరూ ఒకరికొకరు చుక్కల్లా కనిపించేవాళ్లు. ఊరికే చెయ్యి ఊపుకునేవాళ్లు. వంతెన పెరిగి ఖాళీ తగ్గే కొద్దీ మొహాలు తెలిశాయి, తర్వాత కేకలు వినిపించాయి.

దుబాసీకి భోజనమయ్యాక కునుకు తీయడం అలవాటు. ఆ కాస్త సేపట్లో ఆవిడ ఒక వస్తువు పైకెత్తి "మోకు!" అని అరిచేది. అతను తనది పైకెత్తి "రోప్!" అనేవాడు. ఆవిడ కొక్కెం చూపిస్తే అతను "హుక్!" అన్నాడు. అతని వైపు వేలు పెట్టి "నువ్వు!" అంటే, అతను ఆవిడ వైపు వేలు పెట్టి "యు!" అన్నాడు. ఒకరోజు ఆవిడ అన్నంలోని చేపముక్క పైకెత్తింది. అతని చేతిలోనూ అదే ముక్క. "చేప!" "ఫిష్!" అని అరుచుకుని ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

అలా చాలా మాటలు పోగయ్యాయి. అన్నీ చేత్తో పట్టుకుని చూపించగలిగినవే. భయాన్ని గాని ఆపదను గాని ఎలా పైకెత్తి చూపిస్తారు? ఆ మాటలు ఇద్దరికీ రాలేదు.

దూలం దించే రోజు వచ్చింది. రాజు, దుబాసీ ఇవతలి కొసన నిలబడ్డారు. మోకు అందుకోవడానికి ఎర్రగడ్డం మనిషి తన కొస కింద వేలాడే పలక మీద కూర్చున్నాడు. గాలి లేచింది. అతని తల వెనక, పలకను మోస్తున్న కొక్కెం సాగడం ఆవిడ చూసింది.

చేతులు ఊపింది. రోజూ ఊపుకునేదే కదా, అతనూ నవ్వుతూ ఊపాడు.

"అయ్యా, తొందరగా చెప్పండి! అతని కొక్కెం పోతోంది!" అంది దుబాసీతో.

దుబాసీ గొంతు సవరించుకున్నాడు. అవతలి ఖండపు పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలతో మొదలుపెట్టాడు. రాణిగారి ఆరోగ్యం దాకా వచ్చేసరికి కొక్కెం ఇంకా సాగింది.

నోరు తెరిస్తే ముడి దక్కదని ఆవిడకు తెలుసు. తెలిసే తెరిచింది.

"హుక్!" అని అరిచి అతని వెనక్కి చూపించింది. "రోప్! యు!" అంటూ వేలు కిందికి, సముద్రంలోకి పెట్టింది. "ఫిష్!"

అతని నవ్వు ఆగింది. వెనక్కి చూసి, ఒక్క గెంతులో పైనున్న కమ్మీని పట్టుకున్నాడు. పలక సముద్రంలో పడింది. రెండు కొసల మీదా జనం హోరెత్తారు.

దుబాసీ మాత్రం మండిపడ్డాడు. "ప్రభూ, ఆజ్ఞ మీరింది! పైగా అది భాషా? కర్త లేదు, క్రియ లేదు!"

"ఏమన్నావు అతనితో?" అని రాజు అడిగాడు.

"కొక్కెం, మోకు, నువ్వు, చేప అన్నాను దొరా. నాకు వచ్చినవి అవే."

దుబాసీ అందించిన ఆజ్ఞ తాటాకు మీద రాజు తన ముద్ర చూసుకున్నాడు. "ఆజ్ఞ ఆజ్ఞే. దిగిపో" అన్నాడు. ఆవిడ భుజం మీది మోకుచుట్ట తీసి కింద పెట్టింది. అవతలి ఒడ్డు వైపు చూడలేక తల దించుకుంది.

అప్పుడు అవతలి కొస నుంచి కేక వచ్చింది. "మోకు!"

ఎర్రగడ్డం మనిషి తన మోకును ఎత్తి పట్టుకున్నాడు. "ముడి!" అని అరిచి, ఆవిడ వైపు వేలు పెట్టాడు. "నువ్వు!"

అతని వెనకున్న వాళ్లంతా అందుకున్నారు. "మోకు! ముడి! నువ్వు!" ఆ కేకలకు వంతెన అదిరింది.

రాజు అలవాటుగా దుబాసీ వైపు తిరిగాడు. "ఏమంటున్నారు?"

దుబాసీకి ఒప్పుకోక తప్పలేదు. "అవి మన మాటలే, ప్రభూ."

"అదీ సంగతి! అందుకే నాకు అర్థమైంది" అన్నాడు రాజు. వంగి మోకుచుట్టను తనే ఎత్తి ఆవిడ భుజానికి తగిలించాడు. ఆజ్ఞ రాసిన తాటాకును ముక్కలు చేసి గాలికి వదిలాడు.

అవతలి మోకు గాలిలో తేలి వచ్చింది. ఆవిడ అందుకుని, కళ్లు తుడుచుకుని, ముడి బిగించింది. దూలం కిందికి దిగింది. దిగి, ఖాళీ అంచున ఆగిపోయింది.

మూరెడు ఎక్కువైంది.

కొలతగాళ్లు మళ్లీ కొలిచారు. దూలం కొలత సరిగ్గానే ఉంది. ఒడ్లు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఖాళీయే మూరెడు తగ్గింది. చేసేది లేక దూలం కొస కోసి బిగించారు. ఆ ముక్క ఇప్పటికీ వంతెన మొదట్లోనే ఉంది. దాటేవాళ్లు దాని మీద కూర్చుని సేద తీరతారు.

"ఆ మూరెడు సముద్రం ఏమైంది?" అని రాజు అడిగాడు.

వంతెన నడిమధ్యన ఆవిడా ఎర్రగడ్డం మనిషీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ "ఫిష్!" అంది. అతను "చేప!" అన్నాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

దుబాసీ పక్కనే ఉన్నాడు. ఆ మాటకు అర్థం చెప్పమని ఆయన్ని ఎవరూ అడగలేదు.