ఇత్తడి బిళ్ళ

ఎనిమిది నెలలుగా ఓబులపతికి టీ రుచించడం లేదు.

రాయచోటి బయట, మదనపల్లె రోడ్డు మీద పీరా ఉస్తాద్ షెడ్డు ఉంది. పాత బండ్ల విషయంలో ఆ చుట్టుపక్కల ఆయన మాటే చివరి మాట. ఆ షెడ్డులో ఒక అలవాటు ఉండేది. పొద్దునా సాయంత్రమూ టీ రాగానే ఉస్తాద్ తన గ్లాసులో సగం సాసర్లోకి వంచి, పక్కనున్న శిష్యుడికి అందించేవాడు. మిగతా సగం తను తాగేవాడు. పన్నెండేళ్ళపాటు ఆ సాసరు ఓబులపతిదే. దాన్ని రెండు చేతులా అందుకుని, ఊదుకుంటూ తాగేటప్పుడు అతని ముఖంలో పెళ్ళికొడుకు కళ ఉండేది.

ఎనిమిది నెలల కిందట లక్కిరెడ్డిపల్లె నుంచి గురవయ్య అనేవాడు పని నేర్చుకోవడానికి వచ్చాడు. ముప్పై దాటినవాడు, ట్రాక్టర్లు విప్పి బిగించిన చెయ్యి. మాట తక్కువ. మొదటిరోజు ఉస్తాద్ సాసరు అతని చేతికిచ్చాడు. కొత్తవాడు కదా, మర్యాద చేస్తున్నాడులే అనుకున్నాడు ఓబులపతి. మర్నాడూ అతనికే ఇచ్చాడు. ఆ పై వారమూ అతనికే. రెండో నెలలో ఓబులపతి తనకంటూ వేరే గ్లాసు తెప్పించుకుని, దూరంగా గోడ దగ్గర టైరు మీద కూర్చుని తాగడం మొదలుపెట్టాడు. నిండు గ్లాసే. కానీ ప్రాణమంతా ఆ సగం సాసరు మీదే కొట్టుకునేది.

ఇక అక్కణ్ణించి గురవయ్య ఏం చేసినా అతనికి ఒళ్ళు మండేది. పానాలు తుడిచి వరసగా పెడితే, ఉస్తాద్ కంట పడాలని పెట్టాడు అనుకునేవాడు. పెట్టకపోతే, పెట్టేందుకు నేనున్నానని ధీమా అనుకునేవాడు. ఒకసారి గురవయ్య ఏదో చెబితే ఉస్తాద్ పగలబడి నవ్వాడు. అదేమిటో తెలుసుకోవాలని ఓబులపతి మూడు రోజులు కొట్టుకులాడాడు గానీ నోరు తెరిచి అడగలేదు. అడిగితే చులకన అయిపోతానని భయం.

అలాంటి రోజుల్లో హవల్దార్ సుబ్బరాయుడు ఒక బండి తీసుకొచ్చాడు.

అది పాత మిలిటరీ లారీ. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో లాగే రకం. సుబ్బరాయుడు పటాలంలో ఉన్నప్పుడు పదకొండేళ్ళు మంచుకొండల్లో అలాంటి బండే నడిపాడు. పింఛను తీసుకున్నాక అచ్చం అలాంటిదే ఒక కలప డిపోలో మూలన పడి ఉండటం చూసి, బతిమాలి కొనుక్కున్నాడు. బండి నడుస్తూనే వచ్చింది గానీ, నలభై ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో దేవుడికే తెలియాలి.

"దీంట్లో పుట్టినప్పుడు ఉన్నవేవో, తర్వాత మార్చినవేవో చెప్పండి ఉస్తాద్," అన్నాడు హవల్దార్. "మార్చినవి నేను దేశమంతా తిరిగైనా వెతికి తెస్తా. మళ్ళా అప్పటి మాదిరి చేసుకుని కొండెక్కించాల. మీరు సరే అంటేనే ఎక్కిస్తా."

ఉస్తాద్ బానెట్టు మీద అరచెయ్యి ఆనించి తడిమాడు. ఆయన కళ్ళకు పొరలు వచ్చి ఏడాది అవుతోంది.

"నాకు కండ్లు మసక," అన్నాడు. "ఓబులా, గురవయ్యా, మీరిద్దరు చూడండి. శుక్రవారం నమాజు నుంచి వచ్చినాక హవల్దార్ సాబుకి చెబుదురు."

ఉస్తాద్ తన నోటితో చెప్పాల్సిన మాటను శిష్యుల నోట చెప్పిస్తానంటున్నాడు. అంటే ఏమిటి? తన తర్వాత మాట ఎవరిదో శుక్రవారం తేలుస్తాడు. ఆయన ఆ మాట అనలేదు. అన్నట్టే వినపడింది ఓబులపతికి.

ఆ పూటే పని మొదలుపెట్టాడు. పని తెలిసినవాడు, అందులో వంక పెట్టడానికి లేదు. ముందు డ్యాష్‌బోర్డు మీది రేకు పైన రంగు గీకి నంబరు చదివాడు. కిరోసిన్ గుడ్డతో ఇంజను దిమ్మె పక్క తుడిచి, అక్కడ కొట్టిన నంబరు చూశాడు. రెండూ ఒకటే. నంబరు చుట్టూ ఆకురాయి గీతలు ఉన్నాయేమోనని వేలిగోరుతో తడిమాడు. లేవు. ఇంజనును మోసే కమ్ములు చూశాడు. ఛాసీకి కొత్తగా కన్నాలు పెట్టిన జాడ గానీ, వెల్డింగు మచ్చ గానీ లేదు. గేర్ బాక్సు, దాని వెనక బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే పెట్టె, రెండూ పుట్టినవే. ముందు ఇరుసు మీది సీలు ఇంకా చెక్కు చెదరలేదు.

మిగిలింది వెనక ఇరుసు. కిందికి దూరి, గట్టిపడిన గ్రీజు చెక్కుతుంటే ఒక నట్టు కింద అగ్గిపెట్టె సగమంత ఇత్తడి బిళ్ళ బయటపడింది. లోపలి పళ్ళచక్రాల లెక్క దాని మీద కొట్టి ఉంది: నలభై ఒకటి, ఏడు. ఈ రకం బండికి ఉండాల్సిన లెక్క అదే. అంటే వెనకదీ పుట్టిందే.

ఓబులపతి నట్టు విప్పాడు. బిళ్ళ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నట్టు మళ్ళీ బిగించాడు.

ఎందుకు తీశావని ఎవరైనా అడిగితే, శుక్రవారం ఉస్తాద్‌కు చూపించడానికి అనేవాడు. గురవయ్య కంట పడకూడదని తీశాడు, అంతే. ఆ సంగతి అతనికీ తెలుసు. జేబులో ఆ బిళ్ళ ఉన్నంతసేపూ అతని ఛాతీకి సూదిలా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు గురవయ్య సుద్దముక్క పట్టుకుని వచ్చాడు. వెనక ఒక పక్క చక్రాన్ని జాకీ మీద లేపి, టైరు మీద ఒక గీత, కింద తిరిగే షాఫ్టు మీద ఒక గీత గీశాడు. చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూస్తే లోపల ఏ పళ్ళు ఉన్నాయో బయటే తెలిసిపోతుంది. బిళ్ళలూ రేకులూ లేని రోజుల్లో ఉస్తాద్ నేర్పిన పద్ధతి అది. కాకపోతే దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు చక్రం దగ్గర, ఒకరు కింద.

"అన్నా, రెండు నిమిషాలు. చక్రం తిప్పుతావా?"

ఓబులపతి తల ఎత్తలేదు. "నా పని నాకుంది."

"ముందుది కూడా ఒక్కణ్ణే చూసుకున్నా అన్నా. దీనికి మాత్రం..."

"ఏమప్పా, నీ సాసరు నువ్వు తాగుతాండావు, నీ చక్రం నువ్వు తిప్పుకోలేవా?"

గురవయ్య ఆ మాట అర్థం కానట్టు ఒక క్షణం నిలబడి, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒక గంటసేపు అతని తంటాలు చూడాలి. చక్రం కొంచెం తిప్పడం, దానికింద రాయి పెట్టి నిలపడం, కిందికి పాకి షాఫ్టు మీది గీత చూడటం, మళ్ళీ పైకి పాకి రావడం. పిల్లకోతి చెట్టెక్కి దిగినట్టుంది. ఓబులపతి టైరు మీద కూర్చుని అదంతా తనివితీరా చూశాడు. ఎనిమిది నెలల్లో ఆ పూట టీ కొంచెం తియ్యగా ఉంది.

ఉస్తాద్ మంచం మీద కళ్ళు మూసుకుని జపమాల తిప్పుకుంటున్నాడు. పాకే చప్పుడు ఆయనకు వినపడుతూనే ఉంది. ఎవరినీ పిలవలేదు.

శుక్రవారం వచ్చింది. నమాజు నుంచి తిరిగొచ్చి ఉస్తాద్ కూర్చున్నాడు. హవల్దార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్ష ఫలితాలు వినడానికి వచ్చినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురవయ్యా, నువ్వు చెప్పు," అన్నాడు ఉస్తాద్.

ముందు నన్ను అడగలేదే అని ఓబులపతికి చురుక్కుమంది.

"ఇంజను, గేర్ బాక్సు, పంపకం పెట్టె, ముందు ఇరుసు, అన్నీ పుట్టినవే ఉస్తాద్. వెనకది మాత్రం చెప్పలేను. ఒకసారి ఆరు చుట్లకు దగ్గర వచ్చింది, ఇంకోసారి ఆరున్నర వచ్చింది. ఒక్కణ్ణే కదా, లెక్క తప్పుతాండాది. బిళ్ళ కోసం చూసినా. ఒక నట్టు కింద శుభ్రంగా ఉండాది, మొన్నటిదాకా అక్కడ ఏదో ఉన్నట్టు. ఇప్పుడు లేదు."

ఓబులపతి చెయ్యి దానంతట అదే జేబు మీదికి పోయింది. ఆ చేతిని గడ్డం గీరుకుంటున్నట్టు పైకి తెచ్చుకున్నాడు. బిళ్ళ తీసి అందరి ముందూ ధగధగా చూపించాలని నాలుగు రోజులుగా కలలు కన్నాడు. ఇప్పుడు తీస్తే దొంగ అవుతాడు.

"నువ్వు, ఓబులా?"

"అన్నీ పుట్టినవే ఉస్తాద్. వెనకది కూడా."

"వెనకది ఎట్ల తెలిసింది?"

"పన్నెండేండ్లుగా చూస్తాండా కదా. నాకు తెలుసు."

హవల్దార్ ముఖం విప్పారింది. "అయితే రేపే కొండెక్కిస్తా!"

ఉస్తాద్ లేచి నిలబడి కర్ర అందుకున్నాడు. "మంచిది. పదండి, ముందు మనం ఒక చుట్టు పోయొద్దాం. ఓబులా, నువ్వు తోలు."

ఓబులపతి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన ఉస్తాద్, ఆ పక్క గురవయ్య. హవల్దార్ వెనక తొట్టిలో నిలబడ్డాడు. బండి రోడ్డెక్కింది. ఎండకు తారు కాగి ఉంది.

"నాలుగు చక్రాలకు వెయ్యి," అన్నాడు ఉస్తాద్.

ఓబులపతి చిన్న లీవరు ముందుకు నెట్టాడు. టక్కున పడింది. మొదటి యాభై గజాలు బాగానే పోయింది. తర్వాత బండి బరువెక్కడం మొదలైంది. స్టీరింగు రాయిలా బిగిసింది. టైర్లు కీచుమన్నాయి. కింద ఎక్కడో ఇనుము మూలిగింది. ముందు చక్రాలు ఒక లెక్కన పోవాలంటున్నాయి, వెనక చక్రాలు ఇంకో లెక్కన. మధ్యలో షాఫ్టులు మెలిపడి పోతున్నాయి. ఓబులపతి ఇంకొంచెం తొక్కాడు. బండి రెండు కుదుపులు కుదిపి, ఆగిపోయింది.

ఓబులపతికి అర్థమైంది. వెనకది పుట్టింది కాదు. కలప డిపో వాళ్ళు దుంగలు లాగడానికి లోపలి పళ్ళచక్రాలు మార్చి, పాత బిళ్ళ బయట అలాగే ఉంచేశారు. ఒక్కసారి చక్రం తిప్పి చూసుంటే తెలిసేది. రేపు ఇదే బండి, ఇదే లీవరు, కొండ మలుపులో, స్టీరింగు ముందు ఈ హవల్దార్ పెద్దాయన. ఆ పైన తలుచుకోలేకపోయాడు.

లీవరు వెనక్కి లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. డ్యాష్‌బోర్డుకు కాలు తన్నిపెట్టి లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. గురవయ్య చెయ్యి సాయానికి వచ్చింది.

"తీయ్ చెయ్యి!" అని అరిచాడు ఓబులపతి. తన గొంతు తనకే వికారంగా వినపడింది.

గురవయ్య చెయ్యి తీసేశాడు. ఉస్తాద్ ఎదురుగా రోడ్డు వైపే చూస్తున్నాడు, ఆ కళ్ళకు ఎంత కనపడుతోందో గానీ.

"వెనక్కి పోనీ," అన్నాడు.

"ఉస్తాద్?"

"రివర్సు వేసి, కొంచెం వెనక్కి పోనీ బేటా."

ఓబులపతి బండి స్టార్టు చేసి రివర్సు వేశాడు. బండి ఒక బారెడు వెనక్కి కదిలింది, ఇంకో బారెడు. కింద మూలుగు తగ్గింది. లీవరు మీద రెండు వేళ్ళు వేశాడో లేదో, వెన్నలోంచి వచ్చినట్టు జారి వచ్చేసింది.

"ముందుకు గుంజేకొద్దీ బిగుస్తాది," అన్నాడు ఉస్తాద్. "బలంతో రాదు అది."

షెడ్డుకు తిరిగొచ్చారు. హవల్దార్ తొట్టి దిగి ఓబులపతి ముఖం వంక చూశాడు. ఓబులపతి జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి ఉస్తాద్ అరచేతిలో పెట్టాడు. ఉస్తాద్ దాని మీది అంకెలను బొటనవేలితో తడిమాడు. తిరిగి ఓబులపతి చేతిలోనే పెట్టాడు.

"సార్," అన్నాడు ఓబులపతి హవల్దార్‌తో. "నేను చెప్పింది తప్పు. వెనకది మార్చినారు. రేపు కొండ ఎక్కించొద్దు. బిళ్ళ నేనే తీసి దాచినా. గురవయ్య చూసింది సగమైనా సరైన సగం."

తర్వాత వెనక్కి పోయి జాకీ పెట్టాడు. చక్రం లేపాడు. టైరు మీద సుద్దగీత ఇంకా చెరిగిపోలేదు.

"గురవయ్యా, నువ్వు కిందికి పో. నేను తిప్పుతా."

గురవయ్య గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు.

"ఎట్ల తిప్పమంటావు?"

"మెల్లగా అన్నా. గీత కనపడితే నేను చెప్తా."

అంతలో టీ వచ్చింది. ఉస్తాద్ గ్లాసులో సగం సాసర్లోకి వంచాడు. ఆ పూట అది ఎవరికి పోయిందో ఓబులపతి చూడలేదు. అతను రెండు చేతులా చక్రం పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు. కిందినుంచి గురవయ్య గొంతు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది.