చేటలో పోసిన జాక్‌లు

"కేబుల్‌కు టెస్టర్ పెట్టి చూసినా. లైట్లన్నీ వెలిగినాయి. ఇంక నా తప్పేముంది?"

గుర్రప్ప ఈ మాట ప్రొద్దుటూరు బజారులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. అడగనివాళ్లకు కూడా చెప్పాడు. తప్పు చెయ్యని మనిషికి అంత ఆయాసం దేనికి మరి!

జరిగింది ఇదీ. పుల్లమ్మ తుంటి విరిగి మంచాన పడింది. ఆమె మొగుడు రంగన్న తిరుపతిలో, ఆసుపత్రిలో ఉన్నాడు. సాయంత్రం పూట అక్కడి నర్సమ్మ ఫోన్ పట్టుకుంటే వీడియోలో చూసుకోవడమే, పోయి చూసే దారి లేదు. ఆమె ఉండే రాతిమిద్దె నడింట్లోకి సిగ్నల్ రాదాయె. అందుకని కేబుల్ పని చేసే దస్తగిరి ఉస్తాద్ తన శిష్యుడు గుర్రప్పను పంపి, వీధి గదిలోని నెట్ పెట్టె నుంచి ఆమె మంచం దాకా కేబుల్ లాగించాడు.

మొదటి సాయంత్రం బొమ్మ చక్కగా వచ్చింది. మర్నాడు రంగన్న మాస్కు పక్కకు తీయించుకుని, "పుల్లీ, నీకొక మాట చెప్పల్ల..." అన్నాడు. అంతే, బొమ్మ నిలిచిపోయింది. మళ్లీ కలవలేదు. తెల్లారేసరికి మనిషి లేడు.

ఆ మాటేమిటని పుల్లమ్మ పలకరించవచ్చిన వాళ్లనందరినీ అడుగుతూనే ఉంది. మిషన్ల చప్పుడులో నర్సమ్మకూ వినపడలేదట.

ఉస్తాద్ శిష్యుడి గోడు మొత్తం విన్నాడు. వాడి సంచి తెరిచాడు. తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి ఆయన మొదట ఇచ్చేవి రెండు డబ్బాలు, ఒకటి ఎర్రమూతది, ఒకటి నీలంమూతది. కేబుల్ కొసకు బిగించే జాక్‌లు రెండు రకాలు, ఏ రకానివి ఆ డబ్బాలోనే ఉండాలి. గుర్రప్ప సంచిలో ఒక్కటే డబ్బా ఉంది. పని జోరుగా సాగుతుందని రెండూ కలిపి పోసుకున్నాడు.

"పద," అన్నాడు ఉస్తాద్.

పుల్లమ్మది కర్మంతరాలైన ఇల్లు. ఉస్తాద్ మంచం పక్కన కూర్చుని పాత జాక్ కత్తిరించాడు. కొత్తది బిగించాడు.

"ఇప్పుడు ఎవరి కోసం ఉస్తాద్?" గుర్రప్ప గొంతు తగ్గించి అడిగాడు.

ఆయన డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "చేట ఉంటే ఇప్పించు తల్లీ," అని పుల్లమ్మను అడిగాడు. డబ్బాలోవన్నీ చేటలో కుమ్మరించి శిష్యుడి ముందు పెట్టాడు.

"ఏరు."

గుర్రప్ప ఒక్కో జాక్ వెలుతురుకు ఎత్తి చూస్తూ వేరు చేస్తున్నాడు. పుల్లమ్మ కాసేపు చూసింది.

"ఇట్ల తే నాయనా. బియ్యం ఏరిన చేతులే ఇవి. ఊరికే పండుకోని ఏం జేస్తా?"

చేట మంచం మీదికి వచ్చింది. ఆమె ఒక జాక్ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "రెండూ ఒకే మాదిరుండాయే! తేడా యాడుంది?"

"లోపల పన్ను చూడమ్మా," అన్నాడు గుర్రప్ప. "తిన్నగా ఉంటే మెత్తటి పోగుల తీగకు. చీలి ఉంటే గట్టి ఒంటి తీగకు. గోడ వెంబడి లాగేది ఒంటి తీగ."

"మారిస్తే పట్టదా?"

"పడతాది. టెస్టర్ లైట్లు కూడా వెలుగుతాయి."

"మరింకేం?"

గుర్రప్ప ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన తల వంచుకుని తెగిన వైరు ముక్కలు ఏరుతున్నాడు. గుర్రప్పకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎప్పుడో ఒకప్పుడు పట్టు జారిపోతాదమ్మా. మాట మధ్యలో తెగిపోతాది."

పుల్లమ్మ వేళ్లు ఆగిపోయాయి. నేల మీద పడి ఉన్న పాత జాక్ కేసి చూసింది. వాడి ముఖంలోకి చూసింది.

తర్వాత చేతిలో ఉన్నదాన్ని వెలుతురుకు ఎత్తి, పన్ను చూసి, దాని కుప్పలో వేసింది.

"ఇంగా శానా ఉండాయి," అంది. "ఏరు నాయనా."