మూత పెట్టి తీసిన ఫొటో

మార్కాపురం బస్సు కండక్టరు ఓబులేశుకు మూడు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. ఆకాశంలో అతనికి కొత్త నక్షత్రం దొరికింది. దానికి పావని అని పేరు కూడా పెట్టేశాడు.

పావని అతని కూతురు. తొమ్మిదేళ్ల పిల్ల. కిందటి వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. అప్పటి నుంచీ అతని భార్య కొండమ్మ తల దువ్వుకోవడం మానేసింది, పిలిస్తే పలకడం మానేసింది. ఆ ఇంట్లో ఉండలేక ఓబులేశు రాత్రుళ్లు పలకల గనుల పక్కనున్న గుట్టెక్కి, జిలానీ ఉస్తాద్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఉస్తాద్ ఒకప్పుడు కళ్లద్దాలు అరగదీసి బతికిన మనిషి. ముసలితనంలో టెలిస్కోపులు చేసుకుంటున్నాడు. నమాజు చేసుకోవడం, అద్దాలు తుడుచుకోవడం, అడిగినవాడికి ఆకాశం చూపించడం, ఇంతే ఆయన లోకం.

టెలిస్కోపుకు ఫోను బిగించి, కంటికి ఆనీ ఆనని గెలాక్సీలను ఫొటో తీయడం ఓబులేశుకు నేర్పింది ఆయనే. గెలాక్సీని సరిగ్గా తెర మధ్యలోకి తెచ్చి వంద ఫొటోలు తీయాలి. తర్వాత టెలిస్కోపుకు మూత పెట్టి, ఉత్త చీకటిని ఇంకో ఇరవై తీయాలి. వందా ఒకదానిమీద ఒకటి పేర్చి, అందులోంచి ఆ చీకటి ఫొటోల్లో పడ్డదాన్ని తీసివేయాలి. ఉస్తాద్ దగ్గర ఎవరు నేర్చుకున్నా ఇదే వరస.

ఆ మూత సంగతి మాత్రం ఓబులేశుకు మొదటి నుంచీ గిట్టదు. "చీకటిని ఫొటో తీసేదేంది, చార్జింగు దండగ" అని గొణిగేవాడు.

ఆ వారం అతను ఆండ్రోమెడా గెలాక్సీని తీస్తున్నాడు. నడిమి వెలుగుకు ఎడమ పక్కన ఎర్రటి చుక్క ఒకటి కనబడింది. పాత పటాల్లో అది లేదు. మర్నాడూ అక్కడే ఉంది, మూడోనాడూ అక్కడే ఉంది. ఇంటికి పోయి కొండమ్మకు చూపించాడు. కొండమ్మ ఆ పూట తల దువ్వుకుంది. చీకటి పడ్డాక మిద్దెక్కి, "అన్నం తిన్నావా అమ్మా?" అని ఆకాశాన్ని అడిగింది.

నాలుగోనాటి రాత్రి ఓబులేశు ఫొటో తెచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దున్నే హైదరాబాదులో సైంటిస్టులకు పంపుతున్నా. పేరు కూడా రాసి పెట్టినా."

ఉస్తాద్ చాలాసేపు చూశాడు.

"మూత పెట్టి తీశావా?"

"లేదు ఉస్తాద్. మూడు రాత్రులూ ఒకేచోట ఉందే! ఇంక ఆ చీకటితో పనేముంది?"

మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకునేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. గొంతు ఎండినవాడికి మబ్బు ఎంత పెద్దగా కనబడుతుందో ఆ నవ్వేవాళ్లకు తెలియదు.

ఉస్తాద్ లేచి, రేకు మూత తెచ్చి టెలిస్కోపుకు బిగించాడు. పైన తన శాలువా కూడా కప్పాడు.

"ఇప్పుడు తియ్యి."

ఓబులేశు విసుక్కుంటూనే తీశాడు. ముప్పై సెకన్లకు తెర మీద నల్లటి ఫొటో వచ్చింది. ఆ నలుపులో, నడిమికి ఎడమ పక్కన, ఎర్రటి చుక్క ఉంది.

అతను మూత సరిగ్గా ఉందో లేదో తడిమి చూశాడు. మళ్లీ తీశాడు. మళ్లీ అక్కడే ఉంది. రోజూ గెలాక్సీని తెర మధ్యకే తెచ్చాడు గనక, ఫోనులో ఉన్న మచ్చ రోజూ గెలాక్సీ పక్కనే పడింది.

"ఇది ఫోనుది" అన్నాడు ఓబులేశు. ఉస్తాద్ తల ఊపాడు.

ఓబులేశు బండ మీద కూలబడి ఏడ్చాడు. ఆసుపత్రిలో కూడా అట్లా ఏడవలేదు.

"కొండమ్మకేం చెప్పేది ఉస్తాద్? నిన్న రెండు ముద్దలు తినింది."

"ఒక్కడివే చెప్పొద్దు. నేనూ వస్తా."

కొంతసేపటికి ఓబులేశు ముఖం తుడుచుకుని ఫోను అందుకున్నాడు. ఫొటోలోంచి చీకటిని తీసివేశాడు. చుక్క పోయింది. గెలాక్సీకి ఏమీ కాలేదు, ఎప్పట్లాగే వెలుగుతోంది. అతనికి దానిమీదే ఎక్కువ కోపం వచ్చింది.

"మీకు చూడంగానే తెలిసిపోయిందా?"

"తెలిసింది."

"ఎట్లా?"

ఉస్తాద్ శాలువా తీసి భుజాన వేసుకున్నాడు. మూత ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా చిన్నోడు చనిపోయిన ఏడు నాకూ ఇట్లాంటి చుక్క ఒకటి దొరికింది. నాలుగు నెలలు మూత పెట్టలా."