నూనె పెట్టిన ఫోకసర్

ఏమర్రా, ఒకటి అడుగుతాను, ఆలోచించి చెప్పండి. కిర్రుమనే తలుపుకి నూనె పెడతాం. కుట్టుమిషనుకి పెడతాం. సైకిల్ చైనుకి పెడతాం. మరి నూనె పెడితే పాడైపోయే యంత్రం ఎక్కడైనా ఉందా? తెలీదా? అయితే దుప్పటి కప్పుకుని వినండి.

అనగనగా ఒక ఊళ్ళో ఆడపిల్లల పాలిటెక్నిక్, దాని పక్కనే వాళ్ళ హాస్టల్ ఉండేవి. ఆ హాస్టల్లో నూకరత్నం, రజియా అని ఇద్దరు స్నేహితురాళ్ళు. నూకరత్నానికి నోరు ఊరుకోదు. రజియాకి చేతులు ఊరుకోవు, వాళ్ళ నాన్నది సైకిల్ షాపు మరి. ఇద్దరూ కలిసి కాలేజీ వర్క్‌షాప్‌లో ఒక టెలిస్కోపు తయారుచేశారు. పెద్ద గొట్టం, దాని అడుగున అద్దం, పైన పక్కగా కన్ను పెట్టి చూసే చిన్న కటకం. ఆ కటకాన్ని ఐపీస్ అంటారు.

ఐపీస్‌ని ఊరికే బిగించేస్తే అన్నీ మసకే. దాన్ని వెంట్రుకవాసి లోపలికో బయటికో జరపాలి. అలా జరిపేదాన్ని ఫోకసర్ అంటారు.

మొదట వాళ్ళు నీళ్ళ పైపు ముక్కలో ఇంకో పైపు ముక్క దూర్చారు. లాగితే ఒక్కసారిగా ఊడొచ్చేది, నెడితే ఒక్కసారిగా లోపలికి పోయేది. చందమామ కనపడినట్టే కనపడి కరిగిపోయేవాడు.

ఆ తర్వాత పళ్ళచక్రం ఉన్న ఫోకసర్ పెట్టారు. అది గట్టిదే, బరువుకి జారదు. కానీ వాళ్ళకి దొరికినదాని పళ్ళు అరిగిపోయాయి. ఇటు తిప్పి అటు తిప్పబోతే మధ్యలో చక్రం ఉత్తినే తిరిగేది. ఆ పైన బొమ్మ గెంతేది.

అప్పుడు మూడోది తెచ్చారు. దానికి పళ్ళే లేవు. ఒక నున్నటి ఉక్కు కడ్డీ, ఐపీస్ పెట్టే చిన్న గొట్టానికి ఒత్తుకుని ఉంటుంది. కడ్డీ చివరనున్న నాబ్ తిప్పితే కడ్డీ తిరుగుతుంది, ఆ రాపిడికే గొట్టం మెల్లగా జరుగుతుంది. ఒత్తిడి ఎక్కువ తక్కువ చేసుకోవడానికి అడుగున ఒక చిన్న స్క్రూ. "మనకి కావలసింది ఇదేనే!" అంది రజియా.

అంతా బాగానే ఉంది. టెలిస్కోపు పెట్టుకోవడానికి చోటేది? చుట్టూ చెట్లు, వీధి దీపాలు. డాబా ఒక్కటే దిక్కు. డాబా తలుపుకేమో పెద్ద తాళంకప్ప. దాని చెవి వార్డెన్ మంగతాయారమ్మగారి బొడ్లో.

"ఆడపిల్లలకి చీకటిపడ్డాక డాబా మీద ఏం పని?" అందావిడ.

"మగపిల్లల హాస్టల్ డాబాకి అసలు తలుపే లేదు మేడమ్. ఆకాశం వాళ్ళకే రాసిచ్చారా?" అంది నూకరత్నం.

"నీ నోటికి వెయ్యాలే ఈ తాళం! ఇంతకీ ఏం చూస్తారు?"

"శనిగ్రహం మేడమ్."

"రామ రామ! ఆయన కంట పడకుండా నేను శనివారం శనివారం దీపాలు పెడుతుంటే, మీరు వెతుక్కుంటూ వెళ్తారా?"

కానీ ఆవిడకీ లోపల ఎక్కడో చూడాలని ఉంది. అందుకే ఒక మాట అంది. "శుక్రవారం సాయంత్రం, భోజనాల గంట కొట్టేలోపు, ఆ శనికి ఉంగరం ఉందంటారే, అది నా కళ్ళకి చూపించండి. చూపిస్తే డాబా మీది. చూపించలేకపోతే చదువు అయ్యేదాకా డాబా ఊసెత్తకూడదు."

శుక్రవారం రానే వచ్చింది. దసరా సెలవులకి ముందు రోజు అది. వర్క్‌షాప్‌లో ఆయుధపూజ ఆ రోజే చేసుకునేవాళ్ళు. రజియాకి ఆ పండగంటే ప్రాణం. లేతు మిషను తుడిచింది, నూనె పెట్టింది. డ్రిల్లు తుడిచింది, నూనె పెట్టింది. ఆ తర్వాత తమ టెలిస్కోపుకి బొట్టు పెట్టి, ఫోకసర్ కడ్డీకి కూడా ముద్దుగా రెండు చుక్కలు పోసింది.

సాయంత్రం మంగతాయారమ్మగారి చేత తాళం తీయించుకుని టెలిస్కోపుని డాబా మీదికి మోశారు. శని దొరికాడు. నూకరత్నం నాబ్ తిప్పింది. నాబ్ తిరుగుతోంది, గొట్టం కదలదు. పైగా ఐపీస్ బరువుకి తనంతట తనే కిందికి జారిపోతోంది.

"బిగిసిపోయినట్టుంది, ఉండు" అని రజియా ఇంకో చుక్క నూనె వేసింది. ఇంకా జారింది.

అప్పుడు అడుగున స్క్రూని బలమంతా పెట్టి బిగించారు. ఈసారి నాబే కదలడం మానేసింది. మెట్ల మీద మంగతాయారమ్మగారి చెప్పుల చప్పుడు వినపడుతోంది.

నూకరత్నం గొట్టాన్ని వేలితో తాకి చూసింది. వేలు జిడ్డయింది. "ఏమే రజియా, శనికి తైలాభిషేకం చేశావా! ఇది రాపిడి మీద నడిచేదే తల్లీ. జిడ్డు ఉంటే పట్టు ఎక్కడిది?"

రజియా మొహం మాడిపోయింది. అయినా చేతులు ఊరుకోలేదు. కిందికి పరుగెత్తి మందుల పెట్టెలోంచి స్పిరిట్, దూది పట్టుకొచ్చింది. కడ్డీ తుడిచింది, గొట్టం తుడిచింది, దూది తెల్లగా వచ్చేదాకా తుడిచింది. స్క్రూ వదులు చేసి, జారకుండా ఉండేటంత మాత్రమే బిగించింది. గొట్టం చెప్పిన మాట విన్నది!

నూకరత్నం తిప్పి, చూసి, ఎగిరి గంతేసింది. "రండి మేడమ్!"

మంగతాయారమ్మగారు కళ్ళద్దాలు తీసి కన్ను పెట్టింది. "బూందీ గింజ నీళ్ళలో నానినట్టుంది. ఉంగరం ఏదే?"

నూకరత్నం మళ్ళీ సరిచేసింది. ఆవిడకి మళ్ళీ బూందీ గింజే. భోజనాల గంట దగ్గరికి వంటావిడ వెళ్తోంది.

అప్పుడు రజియా అంది, "మేడమ్, ఇది నూకరత్నం కంటికి సరిపోయింది. మీ కళ్ళు వేరు. నాబ్ మీరే తిప్పండి."

"నేనా? విరిగితే?"

"విరగదు మేడమ్. మసక తగ్గేవైపు తిప్పుతూ పోండి. మళ్ళీ మసకబారితే దాటిపోయారని. అప్పుడు కాస్త వెనక్కి రండి."

ఆవిడ తిప్పింది. దాటిపోయింది. వెనక్కి వచ్చింది. ఆగింది.

"ఓసి మీ ఇల్లు బంగారంగానూ! నిజంగానే ఉందే ఉంగరం!"

గంట మోగింది. ఆవిడ కదల్లేదు. వెనకాల అమ్మాయిలంతా వరస కట్టి "మా వంతు మేడమ్, మా వంతు" అంటున్నా కదల్లేదు. చివరికి కన్ను తీసి, తాళంకప్ప పట్టుకుని కిందికి దిగి, దాన్ని తీసుకెళ్ళి పప్పుల గదికి వేసుకుంది. డాబా తలుపు ఆ రోజు నుంచీ తెరిచే ఉంది.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి.

నిద్రపోయే ముందు ఒక్క మాట. ఎక్కడైనా టెలిస్కోపు చూపిస్తుంటే, ఎవరో సరిచేసిందాన్నే చూసి, కనపడకపోయినా కనపడిందని తలూపి వచ్చేయకండి. "నాబ్ ఇలా ఇవ్వండి" అని అడిగి, మీ చేత్తో మీరే తిప్పండి.