తవిటమ్మ పేరు పలికిన గట్టు

ఈ భూమండలంలో మేరువు, మందరం మొదలైన పర్వతరాజములెన్ని ఉన్నా, మా తవిటమ్మగట్టుతో సరితూగగలది ఒక్కటీ లేదని ఘంటాపథంగా చెప్పగలం. గట్టు ఎత్తు మాత్రం అడగవద్దు. దిగువన కట్టేసిన మేక తాడు తెంపుకుంటే, యజమాని చూసి కేకేసేలోగా శిఖరం మీద నిలబడి నెమరు వేస్తూ ఉంటుంది. అయినా బిడ్డకు పేరు పెట్టదలచినవారు ఎక్కడెక్కడి నుంచో మా గట్టుకే వస్తారు గాని, అందుకోసం మేరువుకు వెళ్ళినవారిని మేమెవరమూ చూడలేదు.

పూర్వం దీనికి మూగగట్టని పేరు. చుట్టూ ఉన్న కొండలన్నీ కేకకు కేక, కొమ్ముకు కొమ్ము తిరిగి వినిపించేవి. ఇది ఒక్కటే ఎవరెంత అరిచినా ఉలకక పలకక పడి ఉండేది. ఆ కాలంలో ఇక్కడి ఏడు గ్రామాలను యోగేంద్ర భూపాలుడనే దొర పాలించేవాడు. ఆయన అసలు పేరు జోగన్న. ఏడో గ్రామం చేతికి వచ్చిన ఏడాది, తన వైభవానికి పాతపేర్లు చాలవని తలచి, దూరదేశం నుంచి ఒక పండితుణ్ణి రప్పించి ఇంటిల్లిపాదికీ పేర్లు మార్పించాడు. జోగన్న యోగేంద్ర భూపాలుడయ్యాడు. ఆయన ఇల్లాలు సన్నెమ్మ సూక్ష్మాంబికాదేవి అయింది. పండితుడు మంచి ఊపు మీద ఉండటం చేత కొట్టంలోని కోడెదూడ కూడా వృషభేంద్రుడై కూర్చుంది. కొత్త పేరుకు పలకనిది అదొక్కటేనని చెబుతారు.

ఆ ఇంటి చిన్నకోడలు కొండవాలు పల్లె పిల్ల. పుట్టగానే తల్లి పోతే ఆమెను పెంచినది అమ్మమ్మ తవిటమ్మ. ఆ ముసలమ్మకు ఆ పేరు రావడానికి కారణముంది. తోడబుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోగా, నాలుగో బిడ్డనైనా మృత్యువు కన్నుగప్పి దక్కించుకుందామని, పెద్దలు ఆమెను పొరుగింటికి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ తెచ్చుకున్నారట. తవుడుకు దొరికిన బిడ్డ గనుక తవిటమ్మ. మృత్యువు ఎంతగా మోసపోయిందంటే, ఆమె తొంభై ఏళ్ళు బతికింది. ఆమెను పేరు పెట్టి పిలిచే పెద్దలందరూ గతించాక, పొలం గట్టు మీంచి "తవిటమ్మోయ్!" అని ఆకతాయిగా కేకేసేది మనుమరాలొక్కతే. "ఓసి నీ అల్లరి కూలా, పేరెట్టి పిలుస్తావుటే!" అని ముసలమ్మ గుమ్మంలోంచి తిట్టేది. ఆ తిట్టులో కోపం ఏ మూలా ఉండేది కాదు.

మనుమరాలు దొరవారింట కాలుపెట్టిన మరుసటి వర్షాకాలం, విషజ్వరం వచ్చి ఆ పల్లె పల్లెంతా తుడిచిపెట్టుకుపోయింది. తవిటమ్మ అనే మనిషి ఒకతె ఉండేదని ఎరిగినవారు ఈ లోకంలో చిన్నకోడలు తప్ప మరొకరు మిగలలేదు. అంత పెద్ద మేడలో, అంతమంది మధ్య, ఆమె ఆ పేరును ఒంటరిగా మోసుకు తిరిగింది. ఆపై ఏడాదికి ఆడపిల్లను కన్నది.

ఆ నాటి ఆచారం ప్రకారం ఇరవై ఒకటో నాడు తల్లి బిడ్డ చెవిలో పేరు చెప్పి, తరువాత అందరూ వినేలా పలకాలి. తల్లి కాని మరొక నోరు ఆ పేరును ముమ్మారు తిరిగి పిలవాలి. దానిని మారుపిలుపు అనేవారు. పొద్దు గూకేలోగా మారుపిలుపు రాకపోతే ఆ పేరు నిలవదు. పెద్దలు తమకు తోచిన పేరు పెట్టుకోవచ్చు. పండితుడు అప్పటికే కనకరత్న చంద్రరేఖా లావణ్య మహాదేవి అనే నామధేయాన్ని సిద్ధం చేసి ఉంచాడు. పిలవడం మొదలుపెడితే పూర్తయ్యేలోగా పాప నడక నేర్చుకునేంత పేరది.

బిడ్డకు అమ్మమ్మ పేరే పెడతానని చిన్నకోడలు మనసులో మాట బయటపెట్టగానే మేడ అదిరిపడింది. "పేరేటి తల్లీ అది? రేపు పెళ్ళిపీటల మీద చదివితే పెళ్ళికొడుకు పారిపోడూ!" అన్నది అత్తగారు.

"పారిపోయేవాడైతే ముందే పోనివ్వండి అత్తగారూ, భోజనాలు మిగులుతాయి" అన్నది కోడలు.

"మా ఇంట తవుడు ఎడ్లకు పెడతాం గాని బిడ్డలకు పెట్టం" అని దొరగారు మీసం దువ్వి మాట తెగ్గొట్టేశారు. భర్త మంచివాడే గాని తండ్రి ఎదుట గొంతు పెగలనివాడు. చాటుగా వచ్చి, "నీ నోటితో నువ్వు పిలుచుకోవే, ఎవరొద్దన్నారు? పైకి మాత్రం నాన్నగారు పెట్టే పేరే ఉండనీ" అని బతిమాలాడు. "నా నోరు పోయాక?" అని ఆమె అడిగింది. అతడు ఉయ్యాల గొలుసు సవరించి వెళ్ళిపోయాడు.

ఇరవై ఒకటో నాటి మధ్యాహ్నం కొలువంతా కూడింది. చిన్నకోడలు బిడ్డ చెవిలో చెప్పి, తలెత్తి, "తవిటమ్మ" అని పలికింది. సరిగ్గా ఆ క్షణానికి, దొరగారి కనుసైగ మేరకు, సభలోని వారందరూ రెండు బుగ్గల నిండా తాంబూలం దట్టించుకుని ఉన్నారు. ఏడు గ్రామాల పెద్దలు, చుట్టపక్కాలు, చివరకు ఆమె భర్త కూడా దవడలు ఆడిస్తూ కప్పుకేసి చూశారు. నమిలిన చప్పుడే గాని మాట లేదు. ఆమె బిడ్డను పొత్తిళ్ళతో గుండెకు హత్తుకుని, పచ్చి బాలింతరాలు, ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది.

దారిలో కుమ్మరిని అడిగింది. అతడు వినబడనట్టు సారె తిప్పుతూనే ఉన్నాడు గాని చేతిలో కుండ వంకరపోయింది. గొర్రెలు కాసే అవ్వను అడిగింది. "ఏటి సేస్తాం తల్లీ! నా నోరు నాదే గానీ ఈటి నోట్లో గడ్డి దొరగారిది" అని అవ్వ కళ్ళు ఒత్తుకుంది. పొద్దు రెండు బారలకు దిగింది. అడగడానికి ఇక మనుషులు లేనందువల్ల ఆమె మూగగట్టు ఎక్కింది. అక్కడ కనీసం తాంబూలం నమిలేవారు ఉండరు.

శిఖరం మీద నిలబడి, సభలో పలికినట్టే గంభీరంగా "తవిటమ్మ" అన్నది. గట్టు పలకలేదు. మళ్ళీ అన్నది. మూగగట్టు తన మర్యాద తాను కాపాడుకుంది. బిడ్డ ఏడుపు లంకించుకుంది. సముదాయించే ఓపిక లేక ఆమె రాతి మీద చతికిలబడి, ఎదురుగా తన పల్లె ఉండిన చోటును చూసింది. పొగ లేదు, కప్పు లేదు, తుప్పలు పెరిగి ఉన్నాయి. అప్పుడామెకు బారసాలా, మారుపిలుపూ, మామగారూ ఏమీ గుర్తు రాలేదు. చిన్ననాడు ఆకలేసి ఇల్లు చేరబోతూ కేకేసినట్టుగా, తెలియకుండానే గొంతు ఎత్తి, "తవిటమ్మోయ్!" అని పిలిచింది.

"తవిటమ్మోయ్" అన్నది గట్టు.

అది ఆమె గొంతు కాదు. తొంభై ఏళ్ళ బొంగురు గొంతు. రెండోసారి గట్టు తనంతట తానే మరికాస్త గట్టిగా పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు గట్టు దిగువనున్న అవ్వ చేతికర్ర జారవిడిచింది, కుమ్మరి సారె ఆగిపోయింది, దొరవారి సభలో పలువురు తాంబూలం మింగేశారు. పాప ఏడుపు మాని, పిలిచినవారెవరా అన్నట్టు కొండకేసి ముఖం తిప్పింది. పొద్దు అప్పుడు గూకింది.

"మారుపిలుపు మరొక నోరు పలకాలన్నారే గాని అది మనిషి నోరే కావాలనలేదు ప్రభూ" అని పండితుడు నసిగాడు. దొరగారు మరునాడు కొమ్ములతో, డప్పులతో గట్టెక్కి పాపకు తాము ఎంచిన పేరును ముమ్మారు చాటించారు. చాటినవాడికి నడుమ రెండుసార్లు ఊపిరి చాలలేదు గాని, గట్టు మాత్రం కిమ్మనలేదు.

పేరు నిలిచింది. అయినా ఆ మేడలో దానిని పలికినవారు లేరు. "పాప" అన్నారు, "అమ్మాయి" అన్నారు, అవసరం లేకపోతే ఏమీ అనలేదు. కాబట్టి చిన్నకోడలు ప్రతి సాయంకాలం బిడ్డను చంకనేసుకుని గట్టెక్కి, ఒక్కసారి పిలిచి, తిరిగి వచ్చిన ఆ పిలుపు విని దిగిపోయేది. ఎనిమిదేళ్ళు ఆమెకు ఉన్న చుట్టం ఆ గట్టొక్కటే. తొమ్మిదో ఏట ఆమెకూ జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో కన్నుమూసింది.

దినవారాల నాడు పిల్ల ఇంట్లో కనిపించలేదు. దొరగారు ముసలితనంలో, ఊతకర్రతో, ఎవరినీ వెంట రానీయక గట్టెక్కారు. బండల చాటున ఎక్కడో వెక్కిళ్ళు వినిపిస్తున్నాయి. తాము పెట్టదలచిన పొడుగాటి పేరుతో పిలిచి చూశారు. వెక్కిళ్ళు ఆగలేదు. కర్ర మీద గడ్డం ఆనించారు. చివరకు జోగన్న అనే మనిషి గొంతుతో, "తవిటమ్మా, ఇంటికి పోదాం రాయే" అన్నారు. ఎనిమిదేళ్ళలో తల్లి కాని మనిషి నోట ఆ పేరు రావడం అదే మొదలు. గట్టు బదులు చెప్పలేదు. ఆ అవసరం లేకపోయింది. పిల్ల వచ్చి ఆయన వేలు పట్టుకుంది.

ఆ తరువాత ఆయన గట్టు మీద ప్రతిష్ఠించిన చెక్కని రాయే నేడు తవిటమ్మవారుగా పూజలందుకుంటున్నది. ఏటా మాఘమాసంలో పసిబిడ్డలను ఇక్కడికి తెచ్చి, చేటెడు తవుడు సమర్పించి, పిలిచేవారు లేక మరుగున పడిన ముత్తవ్వల, ముత్తాతల పేర్లు పెడతారు. గట్టు ముమ్మారు తిరిగి పలుకుతుంది. నమ్మనివారు వచ్చి అరిచి చూసుకోవచ్చు.

ఇక ఒక సంగతి దాచి లాభం లేదు. ఇంత పొడుగునా చిన్నకోడలు, చిన్నకోడలు అని రాసుకొచ్చింది గౌరవం కొద్దీ కాదు. మొన్న పండుగకు పూజారిని అడిగాం, ముసలివారిని అడిగాం, దొరగారి వంశీకులను వాకబు చేశాం. తవిటమ్మ తల్లి అన్నారు, కోడలమ్మ అన్నారు. ఆమెనొకసారి పిలుద్దామని గట్టెక్కి, నోరు తెరిచి, ఏమని పిలవాలో తోచక మూసుకుని దిగివచ్చాం. ఆమె పేరు మాకు తెలియదు.