నక్క చెప్పిన నిజం

కొండ దిగువన, రోడ్డు మలుపు తిరిగేచోట ఒక వేడినీళ్ల ఊట ఉంది. రాళ్ల సందుల్లోంచి నీళ్లు పొగలు కక్కుతూ పైకొచ్చి ముందు ఒక చిన్న మడుగులో నిండుతాయి. అక్కడి నుంచి బండల మీదుగా జారి కింద ఇంకో మడుగులో పడతాయి. పొద్దున్నే లారీలవాళ్లు ఆగి స్నానాలు చేసి పోతారు. ఎండెక్కాక అక్కడ మనిషి అలికిడే ఉండదు.

ఆ వేళ చూసుకునే నల్లచెవి మేక తన పిల్లని వెంటబెట్టుకుని కొండ దిగింది. గోధుమరంగు పిల్లకి ఒళ్లంతా గజ్జి. వీపు మీద బొచ్చు ఊడి చర్మం ఎర్రగా తేలింది. మంద పెద్ద బొల్లిపోతు ముందురోజే తేల్చి చెప్పేసింది.

"నీ పిల్ల మీద నాకేం కోపం లేదమ్మా. కానీ అమావాస్యలోగా ఆ గజ్జి తగ్గకపోతే మందలో పడుకోనివ్వను. ఒకదానికుంటే అందరికీ అంటుకుంటుంది."

మంద బయట పడుకున్న మేకపిల్ల తెల్లారి లేవదని ఆ కొండ మీద ఎవరిని అడిగినా చెప్తారు.

వేడినీళ్లలో మునిగితే గజ్జి రాలిపోతుందని మందంతా అంటుంది. మునిగొచ్చినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నల్లచెవికి అక్కడే అనుమానం తగిలింది. అసలు దాని పుట్టుకే అంత. వాన పడితే మబ్బుని అనుమానిస్తుంది, పడకపోతే ఎండని అనుమానిస్తుంది.

రోడ్డు దాటబోతుంటే అవతలి గట్టు మీద నక్క కనిపించింది. నల్లచెవి పిల్లని పొట్ట కిందికి లాక్కుని కొమ్ములు వంచింది.

"ఆగక్కా, ఆగు!" అని నక్క నాలుగడుగులు వెనక్కి వేసింది. "పోయినేడు నువ్వు పొడిచిన చోట చలి పెడితే ఇప్పటికీ సలుపుతుంది. నీ దగ్గరికి నేనెందుకొస్తాను?"

"మరి ఇక్కడేం పని?"

"ఆ సలుపుకే నీళ్ల కోసం వచ్చా. పిల్లకి గజ్జా? అయ్యో పాపం. ఒక్క మాట చెప్తా, వింటే విను. పై మడుగు జోలికి పోకు, కుతకుత ఉడుకుతోంది. కింది మడుగు గోరువెచ్చగా ఉంటుంది, అందులో ముంచు."

"అడక్కుండా ఎందుకు చెప్తున్నావు?"

"చెప్తే తప్పా అక్కా?"

"నువ్వు చెప్తే తప్పే తమ్ముడూ."

"ఇదిగో, ఇందుకే నక్క బతుకు కుక్క బతుకు కన్నా హీనమైంది. నిజం చెప్పినా నమ్మే దిక్కు లేదు." నక్క పెద్ద నిట్టూర్పు విడిచి పొదల్లోకి వెళ్లిపోయింది.

నల్లచెవి చాలాసేపు ఆ పొదల వైపే చూసింది.

"విన్నావా?" అంది పిల్లతో. "వాడు కింది మడుగన్నాడంటే అందులో ఊబో పామో ఉండి తీరాలి. పైదాని జోలికి పోవద్దన్నాడంటే గజ్జికి అసలు మందు పైదాన్లోనే ఉంది. పద పైకి."

"పైన పొగ వస్తోందే అమ్మా!"

"పొగ రాకపోతే వేడినీళ్లెలా అవుతాయే? నోరు మూసుకుని నడు."

పై మడుగు అంచుకి చేరాక నల్లచెవి పిల్లని నీళ్లలోకి నెట్టబోయింది. ఇంతలో పక్క బండ మీద పచ్చటి తీగ ఒకటి కనిపించింది. దాని కొస నీళ్లలో వేలాడుతోంది. పనెంత ముఖ్యమైనదైనా మేకకి ఆకు కనిపించాక ఇక ఆగుతుందా? తీగ పట్టి లాగి నోట్లో పెట్టుకుంది. పెట్టుకున్నదే తడవు "హమ్మా" అని ఉమ్మేసింది. నాలుక చుర్రుమంది. కింద పడ్డ ఆకు పప్పులో ఉడికిన తోటకూరలా మెత్తగా, నల్లగా అయిపోయింది.

నల్లచెవి ఆ ఆకుని చూసింది. పిల్లని చూసింది. దాన్ని అంచు నుంచి వెనక్కి లాగింది.

"వాడు నిజమే చెప్పాడు," అంది నెమ్మదిగా. "నక్క ఊరికే నిజం చెప్పదు. నేను నమ్మననీ, చెప్పినదానికి ఎదురు చేస్తాననీ తెలిసే చెప్పాడు. నా కొమ్ములకి భయపడి, నా చేత్తోనే నిన్ను ఉడికించుకుని తిందామనుకున్నాడు. ఇక్కడే ఎక్కడో కాచుకుని ఉంటాడు. నువ్వా బండ వెనక నక్కు. కిక్కురుమన్నావో, చూడు!"

గోధుమరంగులో ఎండిన తీగల ముద్ద ఒకటి పక్కనే పడి ఉంది. నల్లచెవి దాన్ని కొమ్ములతో మడుగులోకి దొర్లించింది. దభీమని చప్పుడైంది.

"అయ్యో, నా బిడ్డా! ఎంత పని చేశానే తల్లీ!" అని కొండంతా దద్దరిల్లేలా ఏడుస్తూ పరుగెత్తి మలుపు వెనక ఆగింది.

ఆ ఏడుపు పూర్తిగా వినే ఓపిక కూడా నక్కకి లేకపోయింది. పొదల్లోంచి ఒక్క దూకులో అంచుకి వచ్చింది. పొగలో గోధుమరంగు వీపు ఒకటి తేలుతోంది. కాకులు వాలకముందే లాగేయాలని మెడ చాచి గభాలున పట్టి నోటినిండా కొరికింది.

ఆ తరవాత అది పెట్టిన కేకకి నిజంగానే కాకులు లేచిపోయాయి. మూతి పొంగి, నాలుక పొక్కి, నక్క అంచు మీద పడి పొర్లింది. ఈలోగా నల్లచెవి పిల్లని బండ వెనక నుంచి పిలుచుకుని దిగి, కింది మడుగులో ముందు తను కాలు పెట్టి చూసుకుంది. నక్క లేచి చూసేసరికి కింది మడుగులో మేకపిల్ల పొట్టదాకా మునిగి హాయిగా కళ్లు మూసుకుని ఉంది. నల్లచెవి గట్టు మీద నిలబడి దాని వీపుని గరుకు నాలుకతో రుద్దుతోంది.

"అక్కా!" అని నక్క ముద్దముద్దగా ఏడ్చింది. "పైది ఉడుకుతోందని నేను ముందే చెప్పాను కదా!"

"చెప్పావు తమ్ముడూ, చక్కగా చెప్పావు," అంది నల్లచెవి తలెత్తకుండానే. "మరి నీ మాట నువ్వే నమ్మకపోతే ఎలా?"

అనుమానం ఆగమని మాత్రమే చెబుతుంది; అడుగు ఎటు వేయాలో పరీక్షించి చూసుకున్నవాడికే తెలుస్తుంది.